ఓవెన్ ముందు కర్పూరం

ఆయుధపూజ మరుసటి ఉదయం ధర్మపురిలో మా అక్కాబావల బేకరీకి వెళ్ళాను. అక్కడ పెద్ద గ్యాస్ ఓవెన్ మొరాయిస్తోంది. మీట నొక్కి పట్టుకున్నంతసేపు లోపల చిన్న మంట వెలుగుతుంది. వదలగానే ఆరిపోతుంది. నొక్కిన ప్రతిసారీ మంట అంటుకునేలోపు కొంత గ్యాస్ బయటికి వస్తోంది. అయినా బావ విసుగు లేకుండా మళ్ళీ మళ్ళీ నొక్కుతూనే ఉన్నాడు.

"ఎవురిదో కన్ను పడింది" అంటూ అక్క గుమ్మడికాయ మీద కర్పూరం పెట్టుకొని వచ్చింది.

నాకు గ్యాస్ వాసన ఘాటుగా తగిలింది. "అక్కా, ముట్టించొద్దు!"

"నీ నాస్తికం మీ సంఘంలో చెప్పుకో పో" అని అక్క అగ్గిపుల్ల తీసింది.

దిష్టి లేదనడానికి నా దగ్గర బోలెడు వాదనలున్నాయి. ఒక్కటీ ఎత్తుకోలేదు. పుల్లా అగ్గిపెట్టే రెండూ లాక్కొని పట్టుకున్నాను. "గ్యాసు నిండిపోయింది! ముగ్గురమూ కాలిపోతాము!"

బావ పరుగున పోయి సిలిండర్ కట్టేశాడు. తలుపులన్నీ తెరిచి బయట నిలబడ్డాం.

వాసన పూర్తిగా పోయాక బావ ఓవెన్ లోపల వెతికాడు. మంట వేడి సోకితేనే గ్యాస్‌ను వదిలే కడ్డీ ఒకటి ఉంటుంది. దాని కొనమీద గంధం, కుంకుమ ఎండి అట్టకట్టాయి. శుభ్రంగా తుడిచి వెలిగిస్తే మంట నిలిచింది.

"ఈడ బొట్టు పెట్టింది ఎవురు?" అన్నాడు బావ.

"నేనే. పూజ దినం దాన్నొక్కదాన్నే బోసిగా వదిలేదా?" అంది అక్క.

మూఢనమ్మకాల మీద ఎన్నో వేదికలెక్కి మాట్లాడాను. మా అక్క ఈనాటికీ మారలేదు. ఆ ఉదయం ఆమెను ఒప్పించి తీరాలని నిలబడి ఉంటే, ఇది రాయడానికి నేను మిగిలేదాన్ని కాదు.