చెలమ తేటపడేలోపు

ఆన్‌లైన్‌లో మేమిద్దరం ఆడిన ఆట మొత్తం రాతలోనే. ఒకరు తమ పాత్రగా కొంత రాస్తే, రెండోవారు తమ పాత్రగా అక్కడి నుంచి అందుకుంటారు. ఒక్కో విడతను పోస్టు అంటాం. నాది పాతకాలపు బండి తోలేవాడి పాత్ర. ఆయనది ఆ బండిలో పట్టు మూటలు వేసుకుని ఊళ్ళు తిరిగే వర్తకుడి పాత్ర. నిజజీవితంలో ఆయన ధర్మవరంలో మగ్గం నేసే మనిషి, నాకన్నా పదేళ్ళు పెద్ద. నేను అనంతపురంలో ఉంటూ, చేలల్లో వేసిన డ్రిప్పు పైపులు తనిఖీ చేసి రిపోర్టులు రాసేవాణ్ణి. ఒక తెలుగు గ్రూపులో కలిశాం.

నా పోస్టులూ రిపోర్టుల్లాగే ఉండేవి. బండి ఆగింది. ఎడ్లను విప్పాను. పడుకున్నాను. అంతే. ఆయన వాయిస్ మెసేజీ పెట్టాడు.

"ఏమప్పా, ఇంతేనా? నేను జానెడు నేసి పంపిస్తే నువ్వు ఒక్క పోగు తిప్పి పంపిస్తాండావే! ఇంగా కొంచెం రాయి సామీ."

పట్టిక తయారుచేసుకున్నాను. కనిపించేది, వినిపించేది, వాసన, స్పర్శ, రుచి, అవతలి పాత్రకు అందించే మాట. ఆరు గళ్ళూ నిండితేనే పంపేవాణ్ణి. పోస్టులు పొడవయ్యాయి. ఆయన వాయిస్ మెసేజీలో పగలబడి నవ్వాడు.

"పెండ్లికి రాసే సామాన్ల చీటీ మాదిరి ఉండాది. బండోనికి ఇప్పుడేం కావాల? ఆకలా, నడుం నొప్పా? అది పట్టుకోని రాయప్పా, మిగతావన్నీ దాని ఎనక అవే వస్తాయి."

నెమ్మదిగా పట్టుబడింది. ఆయన మాత్రం ఎప్పుడూ నీళ్ళ గురించే అడిగేవాడు. ఏట్లో నీళ్ళు ఎట్లుండాయి, చెంబు చల్లగుండాదా, ఇంకొంచెం రాయి. ఈ సీమలో పుట్టినవాళ్ళకు అది మామూలే అనుకున్నాను.

మా కథలో ఎండాకాలం వచ్చింది. ఎండల్లో నీళ్ళున్నాయని తప్పు రాయడం నా వల్ల కాదు కాబట్టి, బండి ఆగిన చోటి బావిని ఎండబెట్టాను. అడుగున పెచ్చులు లేచిన బురద, చచ్చిన కప్ప, కింద రాయికి తగిలి ఖంగుమన్న బొక్కెన. అప్పటిదాకా నేను రాసినవాటిలో అదే మంచిది. పొద్దున్నే ఫోన్ మోగింది. ఆయన ఫోన్ చేయడం అదే మొదలు.

"ఆడ కూడా ఎండబెట్టాల్నా నువ్వు?"

"మే నెల కదన్నా. మన పక్క యాడుంటాయి నీళ్ళు?"

"మన పక్క లేకుంటే లేకపోనీ. కతలో ఏం రోగం?" గొంతు తగ్గించి చెప్పాడు. "నాకు కిడ్నీలు పోయినాయప్పా. వారానికి మూడు దినాలు మీ అనంతపురానికే వచ్చి డయాలసిస్ మిషన్ మీద పండుకుంటాండా. నీళ్ళు కొలిచి తాగాల. గొంతు తడుపుకోడానికి కూడా లెక్కే. ఆ నాలుగు గంటలూ నువ్వు రాసింది సదువుకుంటా ఉంటా."

చూడడానికి వస్తానన్నాను.

"వద్దు. ఒకసారి సూస్తే, మళ్ళా రాయాలంటే నీ కండ్లకు ఈ మంచమే అగపడతాది."

ఆ పోస్టు తీసేసి బావి నింపాను.

కొన్నాళ్ళకు ఆయన చూపు మసకబారింది. వెంట వచ్చే చెల్లెలు చదివి వినిపించేది. ఒకరోజు ఆమె మెసేజీ పెట్టింది: "అన్నా, మాయన్నకు నీళ్ళ పోస్టు కావాలంట. పెద్దది."

సెలవు పెట్టి రాశాను. ఎండిన ఏట్లో చెలమ తీయడం. బండివాడు ఇసుకను చేతులతో తోడతాడు. మోచేతి లోతున తడి తగులుతుంది. మొదట ఊరే నీళ్ళు బురద. వాటిని తోడి పారబోయాలి. రెండోసారి ఊరినవీ పారబోయాలి. మూడోసారి ఊరి, మడ్డి అడుగుకు దిగి తేటపడ్డాకే తాగాలి. ఏదీ వదలకుండా రాశాను. చివర బండివాడు చెంబు ముంచి వర్తకుడికి అందిస్తాడు. తాగడం నేను రాయలేదు. అవతలివారి పాత్ర చేసే పని మనం రాయకూడదన్నది ఈ ఆట నియమం. ఆ గుక్క ఆయనే రాసుకోవాలి.

రెండు రోజుల తర్వాత ఆమె ఫోన్ చేసింది.

"మాయన్న లేడన్నా." ఏడుపు ఆగాక తనే చెప్పింది. "నీది సగమే సదివినా. రెండోతూరి బురద నీళ్ళు పారబోసేకాడికి వస్తే, 'ఇంగ చాలు పాపా, తేటపడనీ, మిగతాది రేపు సదువు' అన్నాడు. పొద్దున్నే ఊపిరాడలేదు."

పోస్టు తెరిచి చూశాను. చెంబు పదకొండో పేరాలో ఉంది. మొదటి పేరాలోనే పెట్టి ఉండాల్సింది.

"మిగతాది సదవాలంటే నాకు నోరు రావడంలేదన్నా. తాగినాడా ఆయప్ప, ఆ మూటలాయప్ప?"

"తాగినాడు," అన్నాను.

"కడుపునిండా?"

"నిండా."

"ఆ ముక్క మటుకు పంపన్నా. దినాలు అయిపోయేలోపల ఫోటో ముందర సదువుతా."

ఆ ముక్క లేదు. రాయడానికి కూర్చున్నాను. చెంబు చల్లదనం, ఇసుక వాసన, గడ్డం మీదుగా కారిన నీళ్ళు, అన్నీ వచ్చాయి. మొదటి గుక్క గొంతు దిగేటప్పుడు ఆ మనిషికి ఎలా ఉంటుందో మాత్రం ఆయనకే తెలుసు. ఐదుసార్లు రాసి ఐదుసార్లూ కొట్టేశాను. వారం గడిచింది, దినాలు ఎల్లుండి. సాయంత్రం ఆమె మళ్ళీ అడిగింది. రాస్తాండానమ్మా అని జవాబిచ్చాను.