ఎవరూ లేరని చెప్పిన యాప్

జనగామలో అద్దెకు దిగి సామాను సర్దుకోకముందే మా ఆయనకు భూపాలపల్లి గనిలో ఉద్యోగం వచ్చింది. ఆయన అక్కడ, నేను ఇక్కడ లాప్‌టాప్ ముందు. నా కంపెనీ పనంతా ఇంటి నుంచే. మీటింగులో నాలుగు ముక్కలు మాట్లాడానంటే, ఆ రోజుకు నా గొంతు నాకు వినిపించేది అంతే.

తోచక, కొందరు మిత్రులు రక్తదాతల కోసం నడిపే చిన్న యాప్ పనిలో చేరాను. ఒక మధ్యాహ్నం మహబూబాబాద్‌లోని ఓ దవాఖాన నుంచి నర్సు ఫోన్ చేసింది. కొత్తగూడ వైపు నుంచి కాన్పుకు తెచ్చిన ఒకామెకు రక్తం కావాలట.

"చెల్లె, మీ యాప్‌ల ఒక్కలు గూడ లేరని వస్తున్నది. నిజంగనే లేరా?"

"జర లైన్ల ఉండక్కా, చూస్త."

చూస్తే సర్వర్ మొరాయించి ఉంది. పేర్లకు బదులు 'ఇప్పుడు ఇవ్వలేను' అని పంపుతోంది. సర్వర్‌ను అడిగి జవాబు తేవడానికి మేం వాడేది ఎవరో రాసిపెట్టిన తేలికపాటి కోడ్ లైబ్రరీ. పేర్ల జాబితా వస్తుందని చెబితే, ఏది వచ్చినా అది జాబితాయే అనుకుంటుంది. అందులో పేర్లు లేవు కాబట్టి ఖాళీ జాబితా అందించింది. తెర మీద 'ఎవరూ లేరు' అని పడింది.

డేటాబేస్ నేరుగా తెరిచి, ఆమె రక్తం గ్రూపు దాతల ఫోన్ నంబర్లు అక్కకు చదివి వినిపించాను. పొద్దుగూకే వేళకు మళ్లీ ఫోన్.

"ఒక అన్న వచ్చి ఇచ్చి పోయిండు. తల్లీబిడ్డ మంచిగున్నరు."

మా ఆయనకు ఫోన్ చేసి చెబితే "మంచి పని చేసినవ్" అని ఆవులించాడు. షిఫ్టు దిగి వచ్చాడు, పాపం.

ఆ వారమంతా కోడ్ మార్చాను. జవాబును మూడు రకాలుగా విడదీశాను: పేర్లు దొరికాయి, ఎవరూ లేరు, అడగడమే కుదరలేదు. ఏ ఒక్కదానికి తెర మీద ఏం చూపాలో రాయకపోయినా ఇక ప్రోగ్రాం తయారు కాదు.

కొన్నాళ్లకు ఆ నర్సక్క నంబరు మోగింది. లాప్‌టాప్ తెరుస్తూనే, "మళ్ల ఏమైందక్కా?" అన్నాను.

"ఏం గాలే. ఊకెనే చేసిన. తిన్నవా?"

"ఇంక తినలేదక్కా."

"ఏం వండినవ్?"

అన్నం, నిన్నటి పప్పు అని చెప్పాను. ఆమె తన పిల్లల సంగతులు చెప్పసాగింది. లాప్‌టాప్ మూసి వింటూ కూర్చున్నాను.