సాంచల గదిలో కంప్యూటర్ ఫ్యాను

కంప్యూటర్ తెర మీద ఒక మూలకు చిన్న అంకె కనిపించేది. డబ్బా లోపల ఎంత వేడి ఉందో చెప్పే అంకె. ఆ రోజుల్లో నేను ఫొటోల్లోని పెళ్లికూతుళ్ల ముఖాలకంటే దాన్నే ఎక్కువ చూశాను. అరవైలో ఉంటే అన్నం తినబుద్ధయ్యేది. ఎనభై దాటితే కంచం పక్కకు నెట్టేదాన్ని. తొంభై దాటిందంటే తెర నల్లబడేది, చేసిన పనంతా గంగలో కలిసేది.

మాది సిరిసిల్లలో సాంచల ఇల్లు. సాంచలంటే పవర్‌లూములు. నేను కోరుట్ల నుంచి కోడలిగా వచ్చినప్పుడు ముందు గదిలో రెండు సాంచలు పొద్దస్తమానం మోగుతుండేవి. ఇంట్లో ఉప్పు అడగాలన్నా అరవాల్సిందే. నా గొంతు పెద్దదని మా ఆయన వెక్కిరించేవాడు గానీ, ఆ గొంతు పుట్టింటి నుంచి తెచ్చుకున్నది కాదు, వాళ్ల ఇంట్లోనే పెరిగింది. తర్వాత, మాతో బట్ట నేయించుకునే సేటు నూలు ఇవ్వడం ఆపేశాడు. నేసిన బట్టే గోదాముల్లో పడి ఉంది, కొనేవాడు లేడన్నాడు. సాంచలు ఆగిపోయాయి. మా వాడలో కొందరు సాంచల పని వెతుక్కుంటూ మహారాష్ట్రలోని భీవండికి బస్సెక్కారు. మా ఆయన పాస్‌పోర్టు మాత్రం కోరుట్లలో ఒక గల్ఫ్ ఏజెంటు దగ్గరికి చేరింది. గల్ఫ్‌లో భవనాలు తుడిచే పని ఇప్పిస్తాడట.

ఆ సంగతి తెలిసిన సాయంత్రం నా గొంతు వాడంతా వినిపించింది. పెళ్లికి ముందు నేను ఫొటో ఆల్బమ్‌ల డిజైన్ నేర్చుకున్నాను. జగిత్యాలలో ఒక స్టూడియో అతను పెళ్లి ఆల్బమ్‌లు ఇస్తానన్నాడు.

"గీ లగ్గాలయ్యేదాక ఆగు. నా పని నిలవడ్డదా, నువ్వు పోవుడు లేదు. నిలవడలేదా, నీ ఇష్టం," అన్నాను.

మా ఆయన ఆగిపోయిన సాంచ మీద చెయ్యి ఆనించాడు. "సరే తీ," అన్నాడు. ఆ సాంచల పక్కనే కంప్యూటర్ పెట్టుకున్నాను.

అందుకే ఆ అంకె అంటే నాకంత భయం. అది పెరిగినప్పుడల్లా మా ఆయన విమానం ఎక్కుతున్నట్టే అనిపించేది.

రెండో ఆల్బమ్ మధ్యలో కంప్యూటర్ వరసగా ఆగిపోవడం మొదలైంది. డబ్బాను పాత చీరలో చుట్టి, ఒళ్లో పెట్టుకుని జగిత్యాల బస్సెక్కాను. గుంత వచ్చినప్పుడల్లా పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నాను. రిపేరు షాపతను మూత తీసి, లోపలున్న చిన్న ఫ్యాను మీంచి దూది పొరలాంటిదాన్ని రెండు వేళ్లతో పైకి లాగాడు.

"అక్కా, మీ ఇంట్ల పరుపులు కుడుతరా?"

"సాంచలున్నయి. ఆగినయి గని నూగు పోలే."

"గందుకే. గీ చిన్న ఫ్యాను మీ పనికి చాలది. పెద్ద కూలర్ ఎయ్యాలె. డబ్బా ఇడిసిపెట్టి పో, ఎల్లుండికల్ల బిగిస్త."

ఎల్లుండికి ఆల్బమ్ ఇవ్వకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది. ఇంటికి ఫోన్ చేశాను. "పట్కరా, నేను బిగిస్త. సాంచకంటె ఎక్కువనా?" అన్నాడు మా ఆయన. కూలర్ కొనుక్కుని, డబ్బాను మళ్లీ ఒళ్లో పెట్టుకుని వచ్చేశాను. దారి పొడవునా, ఈయన దాన్ని విరగ్గొడితే నా గతేమిటని దిగులు.

విరగ్గొట్టలేదు. గది ఊడ్చి, చాప పరిచి, స్నానం చేసి మరీ కూర్చున్నాడు. ఆ కూలర్ ఇటుకంత ఉంది. సన్నటి రేకులు, పక్కన ఫ్యాను. చిప్పు మీద ఎండిన పాత పేస్టంతా తుడిచి, వేడిని లాగే కొత్త పేస్టు శనగగింజంత వేసి, కూలర్‌ను పైన కూర్చోబెట్టాడు. పని చేస్తూ ఈల వేశాడు. సాంచలు ఆగాక ఆ ఈల నేను వినలేదు. గడప దగ్గర బీడీలు చుడుతున్న మా అత్తమ్మ చేతులాపి కొడుకును చూసింది. "పెండ్లినాడు గూడ గింత సంబురంగ లేడు బిడ్డా," అంది నాతో. నాకూ నవ్వొచ్చింది.

ఆ రోజంతా అంకె యాభై దగ్గరే ఉంది. ఫొటోలు తక్కువగా ఉన్న ఆ ఆల్బమ్ సమయానికే పంపించాను. తర్వాతది పెద్దింటి పెళ్లి, వేల ఫొటోలు. పని బరువెక్కేసరికి అంకె పాకడం మొదలుపెట్టింది. డెబ్బై, ఎనభై, తొంభై ఒకటి. తెర నల్లబడింది. మళ్లీ వేశాను, మళ్లీ ఆగింది. స్టూడియో అతను ఫోన్ మీద ఫోన్. "చెల్లె, పిల్ల తండ్రి నా పానం తీస్తుండు. నీతోని కాకుంటె చెప్పు, ఇంకొగలకు ఇస్త."

"అయితది అన్నా, అయితది," అన్నాను.

మా ఆయన గోడకానుకుని చూస్తున్నాడు. "డబ్బను నమ్ముకుంటె గిట్లనే ఉంటది. ఏజెంటుకు ఫోన్ జేస్త," అన్నాడు.

"చేసినవంటె సూడు!" అని అరిచాను. కోపం కాదది, భయం. ఆయనకూ తెలుసు. ఫోన్ తియ్యలేదు.

కంప్యూటర్ మళ్లీ వేసి, ఫ్యాను తిరుగుతుందో లేదో చూద్దామని డబ్బా పక్క తలుపు ఊడదీశాను. ఫ్యాను బాగానే తిరుగుతోంది. అంతలో అంకె దిగడం మొదలైంది. తలుపు పెడితే ఎక్కుతోంది, తీస్తే దిగుతోంది. తలుపు తిప్పి లోపలివైపు చూశాను. గాలి కోసం ఉన్న చిల్లులన్నిటి మీదా తెల్లటి బట్ట, రెండు మడతలు పెట్టి, అంచులు కుట్టి, ముడతన్నది లేకుండా అతికించి ఉంది. ముందువైపూ అంతే, వెనకవైపూ అంతే. మా ఆయన తన సాంచ మీద నేసిన బట్ట.

"ఏందిది?"

"నూగు పోకుంట పెట్టిన," అన్నాడు. "మంచి చిక్కటి నేత. గాలి గూడ దూరది."

తప్పు ఆయనది మాత్రం ఎలా అవుతుంది? సాంచల గదిలో ఎండాకాలం కూడా ఫ్యాను వెయ్యరు. గాలికి పోగులు ఊగి తెగుతాయి, లేచిన నూగు నేతలో పడుతుంది. గాలిని గదిలోకి రానివ్వకుండా, చెమటలు కక్కుతూ పెరిగిన మనిషి. అయినా నేను ఊరుకుంటానా? "నీ సాంచకు గాలి పడది గని, దీనికి గాలే తిండి! నా పానం మీదికి తెచ్చినవ్ గదా," అని చెడామడా తిట్టాను. అత్తమ్మ బీడీల పళ్లెం పక్కన పెట్టి మరీ నవ్వింది. ఆయన మాత్రం ఆ బట్టలు చిరగకుండా మెల్లగా ఊడదీసి, మడిచి, గూట్లో పెట్టాడు.

ఆల్బమ్ జగిత్యాల చేరింది. "మంచిగొచ్చింది చెల్లె, ఇంక నాలుగు లగ్గాలయి పంపుతున్న," అని స్టూడియో అతను ఫోన్ చేశాడు. నేను గెలిచాననుకున్నాను. ఆ మాట చెబుదామని వెనక్కి తిరిగేసరికి మా ఆయన సాంచల మధ్య కూర్చుని ఉన్నాడు.

"డబ్బల ఇంకేమన్న బిగించేటియి ఉన్నయా?" అని అడిగాడు.

"ఏం లెవ్వు. అంత మంచిగ నడుస్తుంది," అన్నాను సంతోషంగా.

తలూపాడు. "అయితె ఎల్లుండి కోరుట్లకు, ఏజెంటు దగ్గరికి పోతున్న."

"మనం అనుకున్నదేంది? నా పని నిలవడ్డది గదా!"

"నీ పని నిలవడ్డది. నాదేది? పొద్దుందాక నీ ఫ్యాను చప్పుడు ఇనుకుంట కూసోవాల్నా?"

నేను ఇల్లు గడిచే లెక్కే చూశాను, ఆయన చేతులు ఖాళీగా ఉన్నాయన్న సంగతి నాకు తట్టలేదు.

మర్నాడు ఆయన నీళ్లు పట్టడానికి వెళ్లినప్పుడు, డబ్బా తెరిచి కూలర్ స్క్రూలు నేనే వదులు చేశాను. వచ్చాక పిలిచాను.

"ఏందో చప్పుడొస్తుంది. జర సూడు."

కూర్చున్నాడు. స్క్రూ మీద వేలు పెట్టి చూశాడు. నా వైపు చూశాడు. స్క్రూడ్రైవర్ నా చేతిలో పెట్టి, పైన తన చెయ్యి వేసి పట్టుకున్నాడు.

"ఒక్కదాన్నే గట్టిగ తిప్పకు. గీ మూల జరంత, గా మూల జరంత. నాలుగు మూలలు సమానంగ కూసోవాలె. నేను లేనప్పుడు ఇట్లనే బిగియ్యి."