ఏడు పుంజాల అరవై

"పాపకు లెక్క ఇచ్చినా. జవాబు చెప్పొద్దు, దాన్నే తేల్చుకోనీ" అన్నాడు మా ఆయన.

"నాకే తెలీదప్పా, ఇంక చెప్పేదేంది? పండుకో" అన్నాను నేను.

మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు అవే. మధ్యాహ్నం సంగటి తిని పడుకున్న మనిషి మళ్లీ లేవలేదు. అంతకాలం కాపురం చేసి, కడసారి మనవరాలి లెక్కల గురించి మాట్లాడుకున్న మొగుడూ పెళ్లాలం ఈ బెంగళూరులో మేమే అయ్యుంటాం. దానికి నాకు బాధ లేదు. పోట్లాడుకుని విడిపోవడం కంటే నయమే కదా.

నేను చదువుకున్నదాన్ని కాదు. నా పేరు రాస్తాను, బస్సు నంబరు చదువుతాను, అంతే. నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. ఇందులో ఆమె నన్ను తిట్టిన చోటు ఉంది, నేను ఆమెను కసిరిన చోటు ఉంది. రెండూ రాయమన్నాను.

యలహంక పాత ఊళ్లో మాది నేతవాళ్ల ఇల్లు. మగ్గం ఇప్పుడు లేదు, ఆ చోట ఫ్రిజ్ ఉంది. మా ఆయన చీరలు నేసేవాడు. నేను నూలు కండెలు చుట్టేదాన్ని. కొత్త పడుగు వచ్చినప్పుడు పాత పోగుల కొసలకు కొత్త పోగుల కొసలు మెలిపెట్టి అతికేదాన్ని. వేలకు వేల పోగులు. నేతపనిలో పోగుల్ని వందల్లో లెక్కపెట్టం. నూట ఇరవై పోగులు ఒక పుంజం. ఈ చీరకు ఇన్ని పుంజాలు అని మాట్లాడుకుంటాం. వంద అనేది నాకు బజారుకు పోవడం మొదలుపెట్టాక తెలిసింది. పుంజం మాత్రం మా అమ్మ ఒళ్లోనే తెలిసింది.

కోడలు మారతహళ్ళిలో ఆఫీసుకు రెండు బస్సులు మారి పోతుంది. అందుకని మా మనవరాలు మగ్గం పక్కనే పెరిగింది. తాత దానికి పోగులు చూపించి లెక్కలు అడిగేవాడు. ఆరేళ్లప్పుడు ఒకరోజు అది కండెల బుట్ట ముందర కూర్చుని ఏదో గొణుక్కుంటూ, ఉన్నట్టుండి తల ఎత్తింది.

"తాతా, నూరును మూడు పాళ్లు చేస్తే ఒకటి మిగిలిపోతాది. పుంజాన్ని చేస్తే ఏమీ మిగల్లా. మూడుకూ పోతాది, నాలుక్కూ పోతాది, ఐదుకూ పోతాది, ఆరుకూ పోతాది. పుంజమే మంచిది!"

మా ఆయన ఆడుతున్న మగ్గం ఆపేశాడు. "విన్నావా ఏమే? మా తాతల కాలం నుంచి నేస్తా ఉండాము. ఇది చూసినోడు ఒకడన్నా ఉండాడా?"

"చూసే ఉంటారు లే, నీకు చెప్పిండరు" అన్నాను. పైకి అలా అన్నానుగానీ ఆ పూట దానికి ఒక ముద్ద ఎక్కువే పెట్టాను.

ఆయన పోయి రెండేళ్లయింది. పాప ఇప్పుడు మూడో తరగతి. ఈ ఏడు బడి తెరిచినప్పటి నుంచి లెక్కల పీరియడ్ వస్తే చాలు, కడుపునొప్పి అనడం మొదలుపెట్టింది. నేను వాము నీళ్లు పట్టాను, దిష్టి తీశాను. టీచరు నన్నూ కోడల్నీ పిలిపించి చెప్పిన తరువాత తెలిసింది, నొప్పి కడుపులో లేదని. అయిదు నిమిషాల్లో తన లెక్కలు ముగించి, తోచక పక్కపిల్లల పుస్తకాల్లో కూడా జవాబులు రాసిపెడుతోందట. వద్దంటే కడుపు పట్టుకుంటోందట.

టీచరు మంచిది. చిన్న వయసు. ఆమె కన్నడంలో మాట్లాడింది, నేనూ కన్నడంలోనే మాట్లాడాను. ఇక్కడ తెలుగులో రాయిస్తున్నాను.

"అజ్జీ, ఈ పాపకు మూడో తరగతి లెక్కలు చాలడం లేదు. ఇక్కడే కూర్చోబెట్టి కష్టమైన లెక్కలు వేరుగా ఇవ్వొచ్చు. లేదంటే లెక్కల పీరియడ్‌కు మాత్రం ఐదో తరగతికి పంపొచ్చు. లేదా ఒక తరగతి మొత్తం దాటించొచ్చు."

"దాటించేయండి" అంది మా కోడలు, ఇంకా మాట పూర్తి కాకముందే.

"ఏంది దాటించేది? చెప్పులకు బకల్ పెట్టుకునేకి రాదు దానికి. పెద్ద పిల్లోళ్ల మధ్య టిఫిను డబ్బా మూత ఎవురు తీసిస్తారు, నువ్వొచ్చి తీస్తావా?" అని కసిరాను.

టీచరు నవ్వి, లెక్కలకు మాత్రం ఐదో తరగతికి పంపుదామంది. ముందు ఒక పరీక్ష రాయాలి. ఇరవై లెక్కల్లో పదహారు రావాలి. రాకపోతే వచ్చే ఏడు దాకా ఇక్కడే. వచ్చే ఏడు దాకా ఆ కడుపునొప్పితో ఎలా వేగేది అని నేను ఇంటిదాకా ఆలోచిస్తూనే వచ్చాను.

పరీక్ష రాసింది. పన్నెండు వచ్చాయి.

కోడలు ఆఫీసు నుంచి వచ్చి, బ్యాగు కూడా దించకుండా ఆ కాగితం చూసింది. ఎనిమిది లెక్కల మీద ఎర్రగా కొట్టివేతలు. "ఇదేంది పాపా? ముప్పై ఆరు వరసలు, వరసకు ఇరవై ఐదు చెట్లు. జవాబు ఏడు, గీత, అరవై అని రాసినావు?"

"ఏడు పుంజాల అరవై మా" అంది అది. "నీకు నచ్చిన పద్ధతిలో చెయ్యి అని పైన రాసిండారు. నాకు తాత పద్ధతి నచ్చింది. నూట ఇరవై దాటినవన్నీ అట్లే చేసినా."

కోడలు నా వైపు తిరిగింది. "చూస్తిరా అత్తా? సుమ్మనే ఉండకుండా మగ్గం లెక్కలన్నీ దాని తలలోకి ఎక్కించినారు మీరిద్దరూ. లోకమంతా నూరుతో లెక్కపెడతా ఉంటే ఇది ఒకటే పుంజాలు పట్టుకోని కూర్చోనుండాది!"

మేము నేర్పిందే పిల్ల కాలికి అడ్డం పడిందే అని రాత్రంతా ఆ కాగితాన్నే తిరగేస్తూ కూర్చున్నాను. తెల్లారి కాగితాన్ని మడిచి కొంగున ముడివేసుకుని, పాపతోపాటు నేనూ బడికి పోయాను.

"అమ్మా, ఇందులో తప్పేముందో చూపించు" అని టీచరు ముందర పరిచాను. పాప ఒక్కో లెక్క చదివింది. నేను పుంజాలు విప్పాను. ఏడు పుంజాలంటే ఎనిమిది వందల నలభై, పైన అరవై, మొత్తం తొమ్మిది వందలు. టీచరు పక్క కాగితం మీద వేసుకుంది. సరిపోయింది. ఆరు, గీత, సున్నా. "ఏడు వందల ఇరవై" అన్నాను. అదీ సరిపోయింది. నాలుగో లెక్క వచ్చేసరికి ఆమె పెన్ను కింద పెట్టేసి నా నోటి వైపే చూస్తోంది.

ఆఖరిది ముప్పై ఐదు పద్నాలుగులు. "మూడు పుంజాల నూట ముప్పై" అని పాప చదివింది.

"ఏమే! నూట ముప్పైలో ఇంకో పుంజం ఉండాది కదా? మీ తాత చూసింటే కండె పెట్టి కొట్టిండేవాడు. నాలుగు పుంజాల పది!" అని అరిచాను. నా గొంతు సంగతి తెలిసిందే, పక్క గదిలో పద్యం చదువుతున్న పిల్లలు ఆగిపోయారు.

టీచరు పగలబడి నవ్వింది. "అజ్జీ, మేము ఎనిమిదీ తప్పన్నాము. నిజంగా తప్పున్నది ఈ ఒక్కదాంట్లోనే, అది మీరు పట్టుకున్నారు." ఏడింటికి ఏడు, ఆ చివరిదానికి అర. ముందు వచ్చిన పన్నెండుతో కలిపి పందొమ్మిదిన్నర. పాప వైపు తిరిగి, "ఐదో తరగతిలో నీ పద్ధతిలోనే చెయ్యి. జవాబు మాత్రం పక్కన మా లెక్కలో కూడా రాయి. లేకపోతే ప్రతిసారీ అజ్జిని పిలిపించాల్సొస్తుంది" అంది.

సోమవారం లెక్కల పీరియడ్‌కు ఐదో తరగతికి పోయింది. నేను మధ్యాహ్నం నుంచే వాకిట్లో నిలబడ్డాను. పెద్ద పిల్లల మధ్య బెదిరిందేమో, కడుపునొప్పి మళ్లీ వచ్చిందేమో అని నా భయం. అది వీధి చివర నుంచే పరుగెత్తుకుంటూ వచ్చింది.

"అవ్వా! ఒక లెక్క నాకు రాలా!"

"అయ్యో, ఏడ్చినావా?"

"ఏడ్చేదేంది? ఎవురికీ రాలా! రేపు చేసుకుని రమ్మన్నారు" అని చెప్పులు విసిరేసి గడపలోనే కూర్చుంది. పాలు ఇస్తే తాగలేదు. ఉగ్గాని చేస్తానంటే వద్దంది. పెన్సిలు నోట్లో పెట్టుకుని నవ్వుకుంటోంది. లెక్క రానందుకు అంత సంతోషపడిన పిల్లను నేను చూడలేదు. కోడలు బస్సు దిగి వచ్చేసరికి కూడా అక్కడే ఉంది. మేమిద్దరం దాన్ని దాటుకుని లోపలికి పోయాం, ఏమీ అడగలేదు.

అంతేనమ్మా కోడలా, చాలు. ఇప్పుడు మొదట్నుంచీ నాకు చదివి వినిపించు. గట్టిగా చదువు. నువ్వు నన్నన్న మాటలు మింగేసి పోయేవు, అవీ చదువు.