సంగటి ముద్ద, సున్నుండలు

మాది ప్రొద్దుటూరని చెప్తే ప్రొద్దుటూరు వాళ్ళే ఒప్పుకునేవారు కాదు. జమ్మలమడుగు రోడ్డులో ఊరు దాటాక వచ్చే కాలనీ మాది. లింగాల వైపు ఊళ్ళలో ఫ్యాక్షన్‌కు భయపడి, ఉన్న నాలుగు గొర్రెలూ తోలుకుని వచ్చేసినవాళ్ళం. బాంబులకు భయపడి పారిపోయి వచ్చిన మమ్మల్నే టౌనువాళ్ళు నాటుబాంబులు చుట్టేవాళ్ళనేవారు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నేను ఐదో తరగతిలో ఉండగా టౌనులో రెండు పార్టీలవాళ్ళు బాంబులు వేసుకున్నారు. మర్నాడు మా టీచరు కాలనీ పిల్లల సంచులు మాత్రమే వెతికింది. నా సంచిలో అమ్మ గుడ్డలో కట్టిచ్చిన సంగటి ముద్ద ఉంది, గుండ్రంగా, గట్టిగా. ఆమె దాన్ని చేత్తో ముట్టుకోలేదు. స్కేలుతో పొడిచింది.

"ఏంది మే ఇది?"

"సంగటి, టీచర్."

"మీ కాలనీవాళ్ళను నమ్మేదెట్లా? ఇరిచి చూపీ, అందరూ చూస్తారు."

విరిచాను. క్లాసంతా నవ్వింది. టీచరూ నవ్వింది. ఆ ముద్ద నేను తినలేదు, దారిలో కుక్కకు వేశాను. అమ్మకు చెప్పలేదు.

చాలా ఏళ్ళకు హోంగార్డునయ్యాను. ఒకసారి ఓట్లు లెక్కపెట్టే రోజు, గేటు దగ్గర ఆడవాళ్ళ సంచులు వెతికే డ్యూటీ నాకు వేశారు. లెక్కింపు కోసం వచ్చిన టీచర్ల వరసలో ఆమె నిలబడి ఉంది. జుట్టు నెరిసింది, గొంతు మాత్రం అదే. నాకు పట్టరాని సంతోషమయింది, దాచుకోవడమెందుకు?

ఆమె సంచిలో స్టీలు డబ్బా, డబ్బాలో తొమ్మిది సున్నుండలు.

"ఇవేంది, మేడం?"

"సున్నుండలమ్మా. నా దాంట్లో ఏముంటాది? ఆ కాలనీల నుంచి వస్తారే ఏజెంట్లు, వాళ్ళను చూడు బాగా."

అంతవరకూ ఒకటి విరిపించి వదిలేద్దామనే అనుకున్నాను. ఆ మాటతో మనసు మారింది.

"ఇరవండి, మేడం. అన్నీ."

వెనక వరసంతా చూస్తుండగా ఒక్కొక్కటే విరిచింది. వేళ్ళకు నెయ్యి అంటుకుంది. ఎవరో నవ్వారు. నేనూ నవ్వాను. ఎనిమిదోది విరిచి ఆమె తలెత్తింది.

"నిన్నేమన్నా చేసినానా తల్లీ?"

"మీ బళ్ళోనే చదివినా, టీచర్. గుడ్డలో సంగటి తెచ్చుకుంటాంటి."

నా ముఖంలోకి చూసింది. "శానామంది తెచ్చుకుంటాండిరి గదమ్మా," అంది.

అబద్ధం కాదు, నిజంగానే ఆమెకు గుర్తు లేదు. ఎంతమంది చేత విరిపించిందో మరి.

డబ్బాలో ఇంకొకటి మిగిలి ఉంది. లాఠీ కొన దానికి ఆనించాను.

"అది కూడా, టీచర్."