మోడు మీది నల్లంచి

రాజోలులో మా వీధి కరెంటు తీగ మీద ఈ ఉదయం పెద్ద నల్లంచి పిట్ట ఈల వేసింది. మంచం పట్టిన మా అత్తగారి పక్కబట్టలు అప్పటికే మార్చి, విప్పినవి నానబెట్టి, నడుం పట్టుకుని నిలబడ్డాను. ఒంట్లో ఓపిక లేదు. ఆ ఈల వినగానే అంబాజీపేట దగ్గర మా పుట్టింటి పక్కింటి దొడ్డమ్మగారు గుర్తొచ్చారు. చుట్టరికం ఏమీ లేదు, పిలుపే.

తొంభైల చివర్లో సంగతి. ఆవిడ భర్తకి, మేం పెదనాన్నగారనేవాళ్ళం, పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఆయన మంచానికి ఎదురుగా కిటికీ, కిటికీ అవతల తుఫానుకి తల విరిగిన కొబ్బరి మోడు. దాని తొర్రలో నల్లంచి గూడు పెట్టింది. దొడ్డమ్మగారు పొద్దున్నే కిటికీ బార్లా తెరిచి, మంచం పక్కన పీట వేసుకుని కూర్చునేవారు. ఆయన వినాలని, అనేవారు. ఆ కాసేపు ఎవరు పిలిచినా లేచేవారు కారు. నేనూ వెళ్ళి కూర్చునేదాన్ని. నల్లగా నిగనిగలాడుతూ, తెల్ల పొట్టతో, రెక్క మీద తెల్ల చారతో, తోక నిక్కించి తిరిగేది ఒక జాతి, బూడిదరంగుది ఇంకో జాతి అనుకున్నాను.

"మొగుడూ పెళ్ళామే తల్లీ. పాడేది ఆ నల్లోడు. పిల్లల చాకిరీ మాత్రం ఇద్దరూ చేస్తారు, అదే నయం" అన్నారు. అని నవ్వలేదు కూడా.

ఆ వేసవిలోనే ఆవిడ మరిదిగారు గొడ్డలి మనిషిని వెంటబెట్టుకుని వచ్చారు. మోడు కుళ్ళితే కొమ్ము పురుగు చేరి, పక్కనున్న తన చెట్ల మొవ్వులు తినేస్తుందని ఆయన భయం. ఆ భయం అబద్ధమూ కాదు.

"పిట్టలు ఎగిరిపోయేయి వదినగారూ. గూడు ఖాళీ అండీ."

"కాసేపు కూర్చో బాబూ, చూద్దాం."

విసుక్కుంటూనే అరుగు మీద కూర్చున్నారు. బూడిదరంగు పిట్ట పెంటకుప్ప మీద వాలి పురుగును పట్టింది.

"మింగిందా, దాని ఆకలి. మింగకుండా పట్టుకుందా, లోపల పిల్లలున్నట్టే" అన్నారు దొడ్డమ్మగారు.

మింగలేదు. మమ్మల్ని చూసి, పురుగును ముక్కున పట్టుకునే కరెంటు తీగ మీద వాలి కూర్చుంది. ఎంతకీ కదలకపోతే మేమే తలలు తిప్పుకున్నాం. అప్పుడు తొర్రలో దూరింది. లోపలినుంచి సన్నగా కిచకిచలు. మరిదిగారు కండువా దులుపుకుని లేచారు.

"ఆయ్, పిల్లలెగిరేక వస్తాంలెండి."

అన్నట్టే పిల్లలెగిరాక వచ్చి మోడు కొట్టించారు. ఆ వానాకాలంలో పెదనాన్నగారు పోయారు.

మరుసటి వేసవి పలకరించడానికి వెళ్తే, ఖాళీ మంచం పక్కన అదే పీట, తెరిచిన కిటికీ. నల్లంచి తీగ మీద పాడుతోంది. ఉండబట్టలేక అడిగాను.

"ఇంకా ఎవరి కోసం దొడ్డమ్మగారూ?"

"ఎప్పుడూ నా కోసమేనే. ఆడది ఊరికే కూర్చుంటే ఊరుకుంటారా ఎవరైనా? ఆయన పేరు చెప్పుకుని నేను విన్నాను."

అప్పుడా మాట నాకు కటువుగా తోచింది. ఇప్పుడు తోచదు. మా అత్తగారికి చెవులు వినబడక చాలా కాలమైంది. అయినా ఈ ఉదయం నానేసిన బట్టలు అలాగే వదిలేసి, ఆవిడ గది కిటికీ తెరిచి, పీట వేసుకుని కూర్చున్నాను. అరుగు మీంచి మా ఆయన కాఫీ అడిగారు.

"ఆగండి, అత్తయ్యగారు పిట్ట పాట వింటున్నారు" అన్నాను.