సత్తెమ్మ కత్తికి నేను పట్టించిన సాన

ఫలక్‌నుమా స్టేషన్ వెనక సందులో, మా ఇంటికి మూడిళ్ళ అవతల, సత్తెమ్మ బర్రెల కొట్టం ఉంది. పాలు పోసి వచ్చేది ఆమె భర్త బీరయ్య. గిట్టలు చెక్కేది ఆమె. సిమెంటు నేల మీద కట్టేసిన బర్రెలకు నడక తక్కువ. గిట్టలు అరగవు, పాత చెప్పుల్లా ముందుకు పెరిగి వంకర తిరుగుతాయి. పెళ్ళయి వచ్చిన ఏడాదే అత్త ఆగమ్మ దగ్గర ఆ పని నేర్చుకుంది సత్తెమ్మ. ఇప్పుడు ఆమెకు అరవై దాటాయి. చుట్టుపక్కల కొట్టాల వాళ్ళూ ఆమెనే పిలుస్తారు. బర్రె కాలు తన తొడ మీద పెట్టుకుని, ఇంటి సంగతులన్నీ దానికి చెబుతూ చెక్కుతుంది. బర్రె కదలదు. కోడళ్ళ కబుర్లంటే దానికీ ఇష్టమేమో.

ఆమె కత్తి జానెడుంటుంది. లారీ కింద బరువు మోసే కమాన్ పట్టీ ముక్కను కార్వాన్‌లో ఒక కమ్మరి సాగగొట్టి చేసిచ్చాడు. తడి తగిలితే గంటలో తుప్పు పూస్తుంది కనుక, పని కాగానే తుడిచి ఇంత వెన్న రాసి దూలంలో గుచ్చుతుంది. రెండు గిట్టలు చెక్కేసరికి అంచు మొద్దుబారుతుంది. కానీ ఇసుకరాయి మీద నీళ్ళు చల్లి పదిసార్లు లాగితే చాలు, నిద్రలేచిన పిల్లలా మళ్ళీ చురుగ్గా కళ్ళు తెరుస్తుంది.

నా దగ్గరా ఒక కత్తి ఉంది. సంతోష్‌నగర్‌లో ఫైళ్ళు చూసుకునే గుమాస్తాకు కత్తెందుకని అడగకండి. నాకూ తెలియదు. ఎనిమిది నెలలు వీడియోలు చూసి, ఉక్కుల పేర్లు అష్టోత్తరంలా కంఠస్థం చేసి, తుప్పు పట్టనిది, త్వరగా అరగనిది ఒకటి తెప్పించుకున్నాను. దానితో నేను కోసినవన్నీ కొరియర్ అట్టపెట్టెలు. అట్టకు కూడా అది ఎప్పుడో మొద్దుబారింది. మళ్ళీ పదును పెట్టడం నాకు చేతకాలేదు. ఈ మాట మా ఆవిడ రశ్మికి కూడా చెప్పలేదు.

ఆ వారం సత్తెమ్మ పెద్ద బర్రె నల్లపూస కుంటడం మొదలుపెట్టింది. డాక్టరు వచ్చి సూది వేశాడు. గిట్ట లోపల చీము పట్టిందనీ, చెక్కి బయటికి పంపకపోతే పైకి పాకుతుందనీ, ఇంత బరువున్న బర్రె ఒకసారి పడుకుంటే మళ్ళీ లేపడం కష్టమనీ చెప్పి వెళ్ళాడు. సత్తెమ్మ ముఖం చిన్నబోయింది. ఏడు బర్రెల్లో ఎక్కువ పాలిచ్చేది అదే.

"పొద్దుగాల చెక్కుత," అంది.

మరునాడు ఆదివారం. సత్తెమ్మ తొట్టి దగ్గర బర్రె కాలు నానబెడుతుంటే నేను దూలంలోంచి కత్తి తీశాను.

"ఏడికి మాధవ్?" అన్నాడు బీరయ్య.

"మంచిగ సాన పట్టించుకొస్త బాపూ."

"రాయి మీద గుంజితే అయిపాయె గద."

"రాయి కాలం పోయింది బాపూ. గిది సైన్సు."

ఆ మాట అన్న నోటిని ఇప్పటికీ బ్రష్షుతో కొంచెం గట్టిగానే తోముతున్నాను.

సందు చివర ఇస్సాకు వెల్డింగ్ షాపు. అతడు గ్రైండర్ ఆన్ చేసి కత్తిని మెల్లగా తాకించాడు. "జర గట్టిగ ఒత్తు అన్నా," అన్నాను. నిప్పురవ్వలు లేచాయి. పగటిపూట చుక్కలు రాలుతున్నట్టుంది. అంచు మీద ముందు ఎండుగడ్డి రంగు, తర్వాత వంగపూవు రంగు, ఆఖరికి చక్కటి నీలం కమ్మింది.

"ఎక్కువ కాలింది సార్," అన్నాడు ఇస్సాకు.

"ఉండనీ, ఎంత ముద్దుగుంది!" అన్నాను.

నీలాన్ని చూసి మైమరిచే వాళ్ళు ఆకాశం వరకే ఆగాలి. ఉక్కు దాకా రాకూడదు.

సత్తెమ్మ కత్తి అందుకుని వెలుగుకు పట్టింది. నల్లపూస కాలు తొడ మీదికి తీసుకుని గిట్టకు ఆనించి లాగింది. ఒక్క లాగుకే అంచు తమలపాకు కొసలా మడతపడిపోయింది. బర్రె కాలు విదిలించింది.

"ఏం జేస్తివి బిడ్డా! పాణం దీస్తివి గద దీనిది."

"బర్రెదా పెద్దమ్మా?"

"ఇనుముది! కాలిస్తే మెత్తగైతది. గంత సదువుకున్నవ్, గిది ఎర్కలేదా?"

ఇంటికి పరుగెత్తి నా కత్తి తెచ్చాను. దాని గొప్పదనం వర్ణిస్తూనే ఆమె రాయి మీద అరగంట నూరాను. కత్తి అరగలేదు, రాయి అరిగింది. నడుమ చిన్న గుంట కూడా పడింది. వేలితో చూస్తే అంచు నేను ఇంట్లోంచి తెచ్చినప్పటి మొద్దుతనంతోనే ఉంది. అది మామూలు రాయికి లొంగేది కాదు. దానికి వజ్రపు పొడి అద్దిన పలక కావాలి. ఆ పలక ధర చూసి నేను ఫోను పక్కన పెట్టేశాను.

"మస్తు గట్టిదే," అంది సత్తెమ్మ. "రాయికే లొంగనిది నా చేతికేం లొంగుతది? ఆడ పెట్టు. నా కత్తి వట్టు. నీలం కనిపించిన కాడికి చచ్చినట్టే. గదంత అరగదియ్యి. లోపల మంచి ఇనుముంటది."

"ఎంతసేపు పడుతది?"

"నువ్వెంతసేపు కాలవెట్టినవ్?"

"ఒక్క నిమిషం."

"గట్లనా. అయితే రెండు గంటలు."

కూచున్నాను. నీళ్ళు చల్లడం, లాగడం. బూడిద రంగు బురద వేళ్ళ సందుల్లోంచి కారింది. బీరయ్య బీడీ వెలిగించుకుని నా ఎదురుగా స్టూలు వేసుకున్నాడు. "సైన్సు ఎట్లున్నది?" అని మధ్య మధ్యలో అడిగాడు. నల్లపూస మూడు కాళ్ళ మీద నిలబడి, బరువు ఈ పక్కకీ ఆ పక్కకీ మార్చుకుంటోంది. దాని ఊపిరి నా మెడ మీద వెచ్చగా పడినప్పుడల్లా నా చేతులు వేగం పెంచేవి. అరచేతిలో బొబ్బ లేచి, పగిలింది. నీలం దారమంత అయింది. వెంట్రుకంత అయింది. పోయింది. కత్తి వెడల్పు రెండు బియ్యపు గింజలంత తగ్గింది.

సత్తెమ్మ చివరి నాలుగు లాగులు తనే లాగి, గిట్ట మీద పెట్టింది. పొర లేచి, కొబ్బరి చెక్కులా చుట్టుకుని కింద పడింది. ఇంకొకటి. "మా చిన్నకోడలు ఇయ్యాల గూడ పప్పుల ఉప్పు మరిచింది," అని నల్లపూసకు చెబుతూ ఇంకాస్త లోతుకు వెళ్ళింది. ఒక్కసారిగా చీము చిమ్మింది. సగం నా చొక్కా మీదే పడింది. బర్రె పెద్దగా ఊపిరి వదిలింది.

సత్తెమ్మ గిట్ట కడిగి, పసుపు అద్ది, కాలు మెల్లగా దించింది. నల్లపూస దాన్ని నేలకు తాకించి, తీసి, మళ్ళీ ఆనించింది. ఈసారి తీయలేదు. తొట్టి వైపు ఒక అడుగు వేసి గడ్డి అందుకుంది. సత్తెమ్మ కొంగుతో కళ్ళొత్తుకుని, కత్తి తుడిచి, నా చేతిలోనే పెట్టింది.

"నూరుడు మంచిగనే వచ్చింది నీకు. ఏడికి వోతున్నవ్? కూసో. ఇంక మూడు కాళ్ళున్నయి."